తెలిసిన మనిషికి వేసిన ఓటు

(అమలాపురంలో ఒక సాయంత్రం జరిగిన సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి వచ్చేయండి. ఇటుపక్క ఫ్యాను కింద నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇంత ఉక్కపోతలో పనులు మానుకుని వచ్చారు, అందరికీ నమస్కారం.

ఒక రాజకీయ నాయకురాలి జీవితం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఎవరి గురించి చెప్తారండీ అని అడిగితే జార్జీనా బేయర్ అన్నాను. ఫోన్లో అవతల కాసేపు మాట లేదు. ఆవిడ న్యూజిలాండ్ ఎంపీ. ట్రాన్స్‌జెండర్ మహిళ. ఆ సంగతి ఓటర్లందరికీ తెలిసి ఉండగానే ఎన్నికల్లో నిలబడి పార్లమెంటుకి వెళ్ళిన మొదటి మనిషి ప్రపంచంలో ఆవిడే. అది 1999. దానికి నాలుగేళ్ళ ముందు ఒక చిన్న ఊరికి మేయరయ్యారు. అదీ ప్రపంచంలో మొదటిసారే. 2023 మార్చి 6న తన 65వ ఏట చనిపోయారు. ఆ వార్త చూశాకే నేను ఆవిడ గురించి చదవడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి సోషల్ చెప్తున్నాను, ప్రజాస్వామ్యం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అప్పటిదాకా ఈ పేరు నాకు తెలియదు.

ముందు ఒక మాట చెప్పాలి. మన తెలుగులో 'వచ్చాడు' అంటే మగవాడు. 'వచ్చింది' అంటే ఆడమనిషి, ఆవు, పడవ, వరద, అన్నీ. 'వచ్చారు' అంటే మాత్రం ఆడో మగో చెప్పదు, మర్యాద ఒక్కటే చెబుతుంది. మా ఊళ్ళో ఒకావిడ ఉండేవారు. ఆవిడ సంగతి తర్వాత చెప్తాను. ఆవిణ్ణి కొందరు 'వాడు' అనేవాళ్ళు, కొందరు 'అది' అనేవాళ్ళు. 'ఆవిడ వచ్చారు' అన్న మనిషిని నేను చూడలేదు. నేనూ అనలేదు. ఈ పూట అనుకుంటూ వచ్చాను, కనీసం ఈ గంటసేపైనా ఆ మాట సరిగ్గా వాడాలని.

జార్జీనా 1957లో వెల్లింగ్టన్‌లో పుట్టారు. మావోరీ వంశం. తండ్రి పోలీసు. అమ్మానాన్నలు విడిపోతే చిన్నతనంలో కొన్నేళ్ళు తారనాకి ప్రాంతంలో తాతగారి పొలం దగ్గర పెరిగారు. అబ్బాయిగా పెంచారు. ఆడపిల్ల బట్టలు వేసుకుంటే దెబ్బలు పడేవని ఆవిడే చెప్పుకున్నారు. 16 ఏళ్ళకి నటన మీద మోజుతో చదువు మానేశారు. తర్వాత వెల్లింగ్టన్ నైట్ క్లబ్బులు, వేషాలు, పాటలు, ఆ పైన ఒళ్ళమ్ముకునే బతుకు. ఇందులో దేన్నీ ఆవిడ తర్వాత దాచలేదు. అందుకే నేనూ దాచకుండా చెప్తున్నాను.

1979లో సిడ్నీలో ఉండగా నలుగురు మగాళ్ళు ఆవిణ్ణి చెరిచారు. పోలీసుల దగ్గరకి వెళ్ళలేకపోయారు. వెళ్తే ఏమంటారో ఆవిడకి తెలుసు. 'నీలాంటిదానికి అలాంటివి మామూలేగా' అంటారు. ఈ మాట సిడ్నీలో ఎలా అంటారో నాకు తెలియదు గానీ మన దగ్గర ఎలా అంటారో మీకందరికీ తెలుసు. అక్కడి నుంచి తన జీవితం మలుపు తిరిగిందని ఆవిడ చెప్పేవారు. 1984లో ఆపరేషన్ చేయించుకున్నారు. 1987లో ఒక టీవీ నాటకానికి అవార్డుల్లో నామినేషన్ వచ్చింది. ఏ విభాగంలోనండీ? ఉత్తమ నటి. ఆ ఒక్క అక్షరం ఆవిడకి ఎంతో నాకు అర్థమవుతుంది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. 1977లోనే కార్మెన్ రూపే అనే మావోరీ ట్రాన్స్ మహిళ వెల్లింగ్టన్ మేయర్ పదవికి పోటీ చేశారు. ఓడిపోయారు. అప్పుడు అందరూ దాన్ని తమాషాగా చూశారు. కానీ ఆ బ్యాలెట్ పేపర్ మీద ఆ పేరు అచ్చయింది. తర్వాతవాళ్ళకి అది దారి.

ఇక కార్టర్టన్. నాకు ఇష్టమైన భాగం ఇదే, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

1990 ప్రాంతంలో జార్జీనా నగరం వదిలేసి కార్టర్టన్ వెళ్ళారు. వెల్లింగ్టన్ నుంచి కొండల మీద ఘాట్ రోడ్డు దాటితే వైరారాపా అనే పల్లె ప్రాంతం వస్తుంది. మనకి వరిచేలు, కొబ్బరి తోటలు ఎలాగో వాళ్ళకి గడ్డిబీళ్ళు, గొర్రెలు, పాడి ఆవులు అలాగ. కార్టర్టన్ జిల్లా అంతా కలిపినా అప్పట్లో పదివేల మంది లేరు. ఎవరింట్లో ఏ కూర వండారో పక్కింటికి తెలిసే ఊరన్నమాట. జనం ఎక్కువగా తెల్లవాళ్ళు. రైతులు, చర్చికి వెళ్ళేవాళ్ళు. మార్పు అంటే తొందరపడని మనుషులు.

అక్కడ ఆవిడ లోకల్ రేడియోలో మాట్లాడారు, కుర్రాళ్ళకి నాటకం నేర్పారు, ఊరి సామాజిక కేంద్రంలో పనిచేశారు. 1991లో న్యూజిలాండ్ ప్రభుత్వం పేదవాళ్ళకిచ్చే భృతులు బాగా కోసేసింది. ఉద్యోగం లేనివాళ్ళకి, ఒంటరి తల్లులకి దెబ్బ తగిలింది. వాళ్ళ తరఫున కౌన్సిల్ మీటింగులకి వెళ్ళి అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్ళని ఊరు గమనిస్తుందండి. 'ఈవిడ బాగానే మాట్లాడుతున్నారే, నువ్వే నిలబడరాదా' అన్నారు. 1992లో కౌన్సిల్‌కి నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయారు. 1993లో ఉప ఎన్నిక వస్తే గెలిచారు. 1995లో మేయర్. 1998లో మళ్ళీ నిలబడితే నూటికి 90 ఓట్లు ఆవిడకే పడ్డాయి.

మన పంచాయతీల్లో ఏకగ్రీవం చేయించడానికి ఎంత తంటాలు పడతామో మీకు తెలుసు. పోటీ ఉండి, నూటికి 90!

ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టేశాను. పల్లెటూరి వాళ్ళకి ఇలాంటివి అర్థం కావు, సిటీవాళ్ళకే విశాల హృదయం ఉంటుందని మనమే మన గురించి చెప్పుకుంటాం. కార్టర్టన్ వాళ్ళు మొదటిరోజు నుంచి విశాలంగా ఉన్నారని నేననను. గుసగుసలు ఉండే ఉంటాయి. కానీ చిన్న ఊళ్ళో ఒక లాభం ఉంది. మనిషిని రోజూ చూస్తాం. మీటింగుకి ముందొచ్చిందెవరు, ఆఖర్న కుర్చీలు సర్దిందెవరు, మాటిచ్చి తప్పిందెవరు, అన్నీ తెలుస్తాయి. టీవీలో చూసే మనిషి ఒకటి, రోజూ పాలపాకెట్టు కొనే దగ్గర కలిసే మనిషి ఒకటి. వాళ్ళు ఓటేసింది ఆ రెండో మనిషికి.

ఇప్పుడు మా ఊరి ఆవిడ సంగతి. పేరు చెప్పను. నన్ను చెప్పమని ఆవిడ అడగలేదు కదా.

ఆవిడ పెళ్ళిళ్ళకి వంట చేసేవారు. ముమ్మిడివరం చుట్టుపక్కల ఊళ్ళలో పనసపొట్టు కూర అంటే ఆవిడ చేతిదే. చీర కట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, గాడిపొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతుంటే చూడాలి. పెళ్ళివారు పొగిడేవారు, డబ్బులిచ్చేవారు, కానీ పంక్తిలో కూర్చోమనేవారు కాదు. అందరూ తిన్నాక వెనక పెరట్లో, గుండిగల పక్కన, ఒక్కరే కూర్చుని తినేవారు.

1996 నవంబరు 6 రాత్రి. ఈ హాల్లో నా వయసువాళ్ళకి ఆ తారీఖు చెప్తే చాలు, వేరే వివరం అక్కర్లేదు. పిల్లల కోసం చెప్తున్నాను. ఆ తుఫానుకి కోనసీమలో, ఆ చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రంలో వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో! తెల్లారి చూస్తే కొబ్బరితోటలన్నీ ఒకవైపుకి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. మేమందరం బడిలో ఉన్నాం. నేనప్పటికి ఉద్యోగంలో చేరి కొద్దికాలమే. నూతుల్లో నీళ్ళు ఉప్పగా అయిపోయాయి. పిల్లలు దాహం అని ఏడుపు.

ఆవిడ వచ్చారు. ఎవరూ పిలవలేదు. తన పాక కూలిపోయిందని తర్వాత తెలిసింది. వస్తూనే నలుగురు కుర్రాళ్ళని పంపి పడిపోయిన చెట్ల నుంచి బొండాలు కోయించారు, ముందు పిల్లలకి తాగించారు. బడి వెనక గాడిపొయ్యి తవ్వించారు. పుల్లలన్నీ తడి. తడి మట్టలు మండవు, పొగే. ఆవిడ నేలమీద బోర్లా పడుకుని, ఇనప గొట్టంతో ఊది ఊది, కళ్ళు రెండూ చింతనిప్పుల్లా అయిపోయాయి. ఎవరింట్లోనో మిగిలిన బియ్యం, ఎవరో తెచ్చిన పెసరపప్పు కలిపి పులగం వండారు. రాలిన కొబ్బరికాయలు కోరి అందులోనే వేశారు. ఆ రోజు అన్ని కులాలవాళ్ళూ ఆవిడ చేతి ముద్ద తిన్నారు. నేనూ తిన్నాను. ఆ పొగవాసన, ఆ కొబ్బరి రుచి ఇప్పటికీ నాకు నాలిక మీద ఉంది.

మన ఊరికీ ఆవిడ తెలిసిన మనిషేనండి. కార్టర్టన్‌కి జార్జీనా తెలిసినంత బాగా తెలుసు. మిగతాది కాసేపాగి చెప్తాను.

1999లో లేబర్ పార్టీ జార్జీనాకి వైరారాపా టికెట్ ఇచ్చింది. అవతలి పార్టీ, నేషనల్ పార్టీ, పాల్ హెన్రీ అనే పేరున్న బ్రాడ్‌కాస్టర్‌ని దింపింది. అది వాళ్ళ సీటు. ఆవిడ 3,033 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2002లో ఆ మెజారిటీ రెట్టింపయింది. 2000 ఫిబ్రవరిలో మొదటి ప్రసంగంలో నవ్విస్తూనే అసలు సంగతి చెప్పారు. ఈ సభలో నిలబడిన మొదటి ట్రాన్స్‌సెక్సువల్‌ని నేను, ఈ దేశంలోనే కాదు ప్రపంచంలోనే మొదలు, ఆడవాళ్ళకి ఓటివ్వడంలో ఈ దేశం దారి చూపింది, మనుషుల హక్కుల్లోనూ చూపాలి అన్నారు. న్యూజిలాండ్ 1893లోనే ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చింది లెండి, మొదటి దేశం అదే.

2003 జూన్‌లో ఒళ్ళమ్ముకునేవాళ్ళని నేరస్తులుగా చూడకూడదనే బిల్లు ఓటింగ్‌కి వచ్చింది. పార్టీ విప్ లేదు, ఎవరి మనసు వాళ్ళది. జార్జీనా లేచి తన బతుకు చెప్పారు. ఇరవై ఏళ్ళు నిండకుండా చచ్చిపోయిన తన తోటివాళ్ళ కోసం ఈ బిల్లుకి ఓటేస్తున్నానన్నారు. నన్ను చెరిచారు, అవును నేను ఆ వృత్తిలోనే ఉన్నాను, అయినా నన్ను చెరచడం తప్పు అని పోలీసులకి చెప్పుకునే వీలు నాకు అప్పుడు ఉంటే బాగుండేదన్నారు. ఆ మాట పార్లమెంటులో, రికార్డులోకి ఎక్కేటట్టు, ఒక ఎంపీ చెప్పడం! అనుకూలంగా 60, వ్యతిరేకంగా 59 ఓట్లు పడి బిల్లు గట్టెక్కింది. ఒకరు ఓటు వేయలేదు. ఆవిడ మాటలు విని కొందరు మనసు మార్చుకున్నారని అంటారు.

మరి అన్నీ గెలుపులేనా అంటే, లేదండి. 2004లో సముద్రతీరం ఎవరిదనే గొడవ వచ్చింది. తీరం మీద మావోరీలకి హక్కు అడిగే వీలుందని కోర్టు చెప్తే, ప్రభుత్వం ఆ దారి మూసేస్తూ చట్టం తెచ్చింది. వేలమంది మావోరీలు పార్లమెంటు దాకా నడిచి వచ్చారు. జార్జీనా మావోరీ. కానీ ఆవిణ్ణి గెలిపించిన వైరారాపా ఓటర్లలో ఎక్కువమంది మావోరీలు కారు, చట్టం కావాలన్నారు. పార్టీ కూడా పట్టుబట్టింది. ఆవిడ తన వాళ్ళకి ఎదురుగా ఓటేశారు. అది ఆవిణ్ణి లోపల తినేసింది. నాకు ఇక్కడ ఆవిడ మీద కోపం లేదు, అలాగని సమర్థించను కూడా. ఓట్లేసిన వాళ్ళ మాట ఒకవైపు, రక్తం ఒకవైపు లాగితే ఏం చేయాలో పుస్తకంలో రాసి ఉండదు.

2007 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఇక్కడి నుంచి కథ మారిపోతుంది. మేయరుగా, ఎంపీగా చేసిన మనిషికి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదండి. అప్లికేషన్లు పెట్టుకున్నారు. ఇల్లు అమ్ముకున్నారు. 2013లో కిడ్నీలు పోయాయి. రోజూ డయాలసిస్. ఆ స్థితిలోనే 2014లో మనా పార్టీ తరఫున మళ్ళీ పోటీ చేశారు, గెలవలేదు. 2017లో ఒక స్నేహితుడు కిడ్నీ ఇచ్చాడు. 2020లో దేశం గౌరవ పురస్కారం ఇచ్చింది.

ఇది చదువుతున్నప్పుడే నాకు మా ఊరి ఆవిడ గుర్తొచ్చారు. తుఫాను తగ్గాక ఇళ్ళు కూలినవాళ్ళకి సాయం రాయడానికి ఒక ఆఫీసర్ వచ్చాడు. లైన్లో నిలబడ్డాం. ఆవిడ నా ముందు ముగ్గురి అవతల. కార్డు చూశాడు. అందులో మగపేరు. మనిషిని చూశాడు. చీర. 'ఇదెవరిది, నువ్వెవరు' అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పది రోజుల కింద ఆవిడ చేతి ముద్ద తిన్నవాళ్ళే. 'ఈవిడదేనండీ, పాక కూలిపోయింది, నేను చూశాను' అని ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. టీచర్ని, నేను చెప్తే వినేవాడు. నా వంతు వచ్చింది, నా పేరు రాయించుకుని ఇంటికెళ్ళాను. ఏడాది తిరక్కుండా ఆవిడ ఊరొదిలేశారు. ఏ రైలెక్కారో, ఏ ఊరు చేరారో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ సామర్లకోట దాటాక రైల్లో చప్పట్లు వినపడితే నేను తలెత్తి మొహం చూస్తాను.

మన దేశం సంగతి కూడా కొంచెం చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో సోహాగ్‌పూర్ నుంచి షబ్నం మౌసీ అనే హిజ్రా ఉప ఎన్నికలో గెలిచి 2003 దాకా ఎమ్మెల్యేగా ఉన్నారు. అదే రాష్ట్రంలో కట్నీకి కమలా జాన్ మేయరయ్యారు. ఆ సీటు ఆడవాళ్ళకి రిజర్వు చేసింది, ఈవిడ ఆడమనిషి కాదు అని కోర్టు ఎన్నిక కొట్టేసింది. జనం గెలిపించినా కాగితం ఓడించింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడో జెండర్‌ని గుర్తించింది. తామెవరో తామే చెప్పుకునే హక్కు వాళ్ళకుందంది. 2015 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో మధుబాయి కిన్నర్ ఇండిపెండెంటుగా మేయర్ అయ్యారు. అంతకుముందు ఆవిడ రైళ్ళలో పాడి పొట్టపోసుకున్న మనిషి. మన పక్కనే, 2024లో పిఠాపురంలో ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. అదే బ్యాలెట్ మీద తమన్నా సింహాద్రి అనే ట్రాన్స్ మహిళ పేరు కూడా ఉంది. అంతకుముందు 2019లో మంగళగిరిలోనూ నిలబడ్డారు. గెలవలేదు. కార్మెన్ రూపే కూడా గెలవలేదు కదండీ.

మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకి ఇప్పుడు నెలకి 4,000 పెన్షన్ ఉంది. మంచిదే. దానికీ కార్డు కావాలి, కార్డు మీద పేరు కావాలి. మళ్ళీ ఆ లైనే.

నేను కొన్నేళ్ళు బీఎల్వో డ్యూటీ చేశాను. ఓటర్ల లిస్టు పని. 2009 నుంచి ఫారంలో ఆడ, మగ కాక ఇంకో గడి ఉంది. ఒకరోజు చీకటి పడ్డాక మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. చున్నీ మొహం మీదకి లాక్కుని అరుగు దిగువనే నిలబడింది. పైకి రామ్మా అంటే రాలేదు. 'మేడం, అడ్రస్ మా అమ్మావాళ్ళ ఇల్లు రాయొచ్చా? వాళ్ళు ఇంట్లో ఉండనివ్వట్లేదు' అంది. ఎక్కడ పడుకుంటున్నావంటే చెప్పింది. వివరాలు అడిగి అక్కడి అడ్రసే రాశాను. నేనే వెళ్ళి చూసి వెరిఫై చేశాను. పేరు దగ్గర ఆగాను. 'ఏం రాయను?' అన్నాను. తను పెట్టుకున్న పేరు చెప్పింది. నేను రాస్తుంటే ఒక్కో అక్షరం వంగి చూసింది. ఒత్తు ఒకటి తప్పు రాశాను, దిద్దించింది.

2024 మే 13న పోలింగు. బూత్ బయట షామియానా కింద లిస్టు పట్టుకుని కూర్చున్నాను. ఏడు కొట్టకముందే ఎండ. మగవాళ్ళ లైను ఒకటి, ఆడవాళ్ళ లైను ఒకటి. ఆ పిల్ల వచ్చి నా దగ్గర స్లిప్పు తీసుకుని, రెండు లైన్లకీ మధ్య ఆగిపోయింది. అటూ ఇటూ చూస్తోంది. నేను కుర్చీలోంచి లేచాను. ఈసారి నోరు విప్పుదామనే లేచాను.

ఈలోపు ఆడవాళ్ళ లైన్లోంచి ఒక పెద్దావిడ, రొయ్యల చెరువుల మీద పనికెళ్ళే మనిషి, చెయ్యి ఊపారు. 'ఏమ్మా, ఎండలో అక్కడ నిలబడ్డావేంటి, ఇలా రా, నా ముందు నిలబడు' అన్నారు. వెనకవాళ్ళు ఒక అడుగు జరిగారు.